క్లార్క్, సూబిక్: అప్పగింతలు రెండు, తీరులు రెండు

ఫిలిప్పీన్స్‌లో అమెరికా ఖాళీ చేసిన ఈ రెండు స్థావరాల కథ కాకినాడ తీరంలో రేవులు, సెజ్‌లు చూస్తున్న మనకు పనికొస్తుంది.

క్లార్క్ వైమానిక స్థావరాన్ని 1991 జూన్‌లో పినటుబో అగ్నిపర్వతం బూడిదతో కప్పేసింది. నవంబరులో అప్పగింత హడావిడిగా ముగిసింది. ఆపై చాలినంత కాపలా లేక భవనాల్లో పనికొచ్చే సామానంతా లూటీ అయింది. విమానాశ్రయం, పరిశ్రమలు తర్వాత వచ్చాయి, నిజమే. ముందు మాత్రం చేతికందినది చేజారింది.

సూబిక్ నౌకా స్థావరం సంగతి వేరు. 1991 సెప్టెంబరు 16న ఫిలిప్పీన్స్ సెనేట్ అక్కడ అమెరికా ఉనికిని పొడిగించే కొత్త ఒప్పందాన్ని 12-11 ఓట్లతో తోసిపుచ్చింది. 1992 నవంబరు 24న అమెరికన్లు వెళ్లిపోయారు. పక్కనే ఉన్న ఒలొంగాపో నగర మేయర్ రిచర్డ్ గోర్డన్ పిలుపుతో సుమారు 8,000 మంది స్థానికులు జీతం లేకుండా స్థావరానికి కాపలా కాశారు. ఉపాధి పోయిన ఊరివాళ్లు ఇలా నిలబడటం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. స్వేచ్ఛా వాణిజ్య మండలి చట్టం అప్పటికే సిద్ధంగా ఉంది. 1995లో కొరియర్ సంస్థ ఫెడెక్స్ తన ఆసియా కేంద్రాన్ని అక్కడే పెట్టింది.

అందుకే నా ఓటు సూబిక్‌కే. అయితే ఒక విషయంలో రెండూ ఓడిపోయాయి. అమెరికా స్థావరాలకు ఆధారమైన 1947 నాటి ఒప్పందంలో కాలుష్యాన్ని శుభ్రం చేయాలన్న షరతే లేదు. పినటుబో నిర్వాసితులు క్లార్క్‌లో తలదాచుకుని, అక్కడి కలుషితమైన బావుల నీళ్లే తాగారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ 65 రోజులు మండటం చూసిన కోనసీమ, ఏ ఒప్పందంలోనైనా ముందుగా వెతకవలసింది ఆ షరతునే.