దారాల బొమ్మతో నాలుగేళ్ళు: మా తాత గురించి

మా తాత ఎత్తు 26 అంగుళాలు, బరువు కిలో 400 గ్రాములు. తల, మొండెం కొండపల్లి తెల్లపొణికి చెక్క. కాళ్ళు టేకు. ఒంటికి మల్లు పంచె, భుజాన ఎర్ర కండువా. మొత్తం తొమ్మిది దారాలు. 2021 డిసెంబరు నుంచి ఆదివారం సాయంత్రాలు విజయవాడలో ఆయన్ని ఆడిస్తున్నాను. మిగతా ఆరు రోజులు సత్యనారాయణపురంలో బ్లౌజులు కుడతాను. ఇలాంటి బొమ్మ కొనుక్కోవాలా, చేయించుకోవాలా, వీధిలో ఎలా మొదలుపెట్టాలి అని ఈమధ్య నలుగురైదుగురు అడిగారు. వాళ్ళకు విడివిడిగా చెప్పినదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు కఠ్‌పుత్లీ సంగతి. నేను మొదలుపెట్టింది దానితోనే. హస్తకళల ఎగ్జిబిషన్‌లో 350 రూపాయలకు కొన్నాను. రాజస్థాన్ భాట్ కుటుంబాలవాళ్ళు తరతరాలుగా ఆడించే బొమ్మ అది. మామిడి చెక్క తల, కింద పొడవాటి పావడా, కాళ్ళుండవు. పట్టుకోవడానికి కర్ర కూడా ఉండదు. తల మీంచి నడుము వెనక్కి ఒక దారం, చేతులకు ఇంకొకటి, వాటిని వేళ్ళకు తగిలించుకుని ఆడించాలి. ఆ కుటుంబాలవాళ్ళు నోట్లో చిన్న ఈల పెట్టుకుని బొమ్మకు గొంతు ఇస్తారు. వాళ్ళ చేతుల్లో అది సుడిగాలిలా తిరుగుతుంది. ఎనిమిది నెలలు దానితో సాధన చేశాను. వేళ్ళకు దారం మీద పట్టు వచ్చింది, ఆ మేరకు పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. కానీ నాకు కావలసింది నడిచే మనిషి. కాళ్ళు లేని బొమ్మతో అది కుదరదు.

అందుకే కొండపల్లి వెళ్ళాను. తెల్లపొణికి బాగా తేలికైన చెక్క, ఉలికి ఇట్టే లొంగుతుంది. బోసినోరు, బుగ్గల గుంటలు, దట్టమైన కనుబొమలు నేను గీసి ఇచ్చినట్టే వచ్చాయి. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మ చేసిన పెద్దాయన ముక్కు దిద్దుతుంటే పక్కనే కూర్చుని చూశాను. ఇప్పటికీ తాత ముఖం మీద ఒక్క పగులు లేదు. అయితే చెక్క మెత్తదనమే దారాల బొమ్మకు ఇబ్బంది కూడా. దారం కట్టడానికి బిగించే మర కొక్కేలు అందులో నిలవవు. రెండో నెలలోనే కుడి భుజం కొక్కెం ఊడి చేతికొచ్చింది. తర్వాత మా వీధి వడ్రంగి చేత భుజాల్లో, చెవుల దగ్గర రంధ్రాలు వేయించి, జిగురు రాసిన టేకు పుల్లలు దిగ్గొట్టించి, కొక్కేలు వాటిలోకి బిగించాను. అప్పట్నుంచి కదల్లేదు. తెల్లపొణికితో చేయించుకునేవాళ్ళు ఈ పని మొదటే చేయించుకోండి.

ఇక బరువు. బొమ్మ ఎంత తేలికైతే అంత సుఖం అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను. తేలిక బొమ్మ నేల మీద ఆనదు, గాల్లో తేలుతుంది. చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా, ఇది మనిషి కాదని వెంటనే తెలిసిపోతుంది. అందుకే కాళ్ళు టేకుతో మళ్ళీ చేయించాను. చేపల వలలకు కట్టే సీసపు గుళ్ళు తెచ్చి, పాదాలు తొలిచి, ఒక్కో దాంట్లో 90 గ్రాములు అమర్చాం. సీసం విషం, పిల్లలేమో తాత కాళ్ళు ముట్టుకోకుండా ఉండరు, కాబట్టి పైన మక్కు వేసి, రంగు వేసి పూర్తిగా మూయించాను. ఆ రోజు ఇంటికి తెచ్చి గచ్చు మీద దించితే పాదం 'టక్' మంది. ఆ చప్పుడు విన్నాకే ఆయనకు తాత అని పేరు పెట్టాను.

దారాల లెక్క ఇది: తలకు రెండు, భుజాలకు రెండు, నడుము వెనక ఒకటి, చేతులకు రెండు, మోకాళ్ళకు రెండు. బరువంతా భుజాల దారాలే మోయాలి, తల దారాలు కాదు. లేకపోతే మెడ సాగినట్టు కనిపిస్తుంది. నడుము దారం బిగువుగా ఉంచి, దారాలు కట్టిన చేతికర్రను ముందుకు వంచితే నమస్కారం వస్తుంది. మోకాళ్ళ దారాలు కట్టిన అడ్డకర్ర విడిగా ఊడివస్తుంది, దాన్ని రెండో చేత్తో అటూ ఇటూ ఊపితే అడుగులు పడతాయి. మోచేయి నడుముకు ఆనించి కర్ర పట్టుకున్నప్పుడు బొమ్మ పాదాలు సరిగ్గా నేలను తాకాలి. నా ఎత్తుకు తల దారాలు 14 అంగుళాలు, చేతులవి 28, మోకాళ్ళవి 33 సరిపోయాయి. వీధికి ఇంతకన్నా పొడుగు పనికిరాదు, గాలి వస్తే బొమ్మ మన మాట వినదు.

మొదట గాలానికి వాడే నైలాన్ తీగ కట్టాను, కనపడకుండా ఉంటుందని. వీధిదీపం కింద అది తళతళ మెరుస్తుంది. చుట్టిపెడితే ఆ మెలికలు అలాగే ఉండిపోయి, బొమ్మ చెయ్యి దానంతటదే తిరిగిపోతుంది. ఇప్పుడు వాడేది నల్లటి అల్లిక దారం, అదీ గాలాలు అమ్మే కొట్లోదే. దానికి తేనెమైనం రుద్దుతాను. చేత్తో కాజాలు కుట్టేటప్పుడు దారానికి మైనం రుద్దడం మాకు అలవాటే, చిక్కు తక్కువ పడుతుంది.

కొత్తవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. మొదటి నెల బొమ్మను నడిపించకండి, నిలబెట్టండి. బీరువా అద్దం ముందు రోజూ అరగంట తాతను ఊరికే నిలబెట్టేదాన్ని. చెయ్యి ఒక్క అర అంగుళం కిందికి దిగితే మోకాళ్ళు వంగిపోతాయి, పైకి లేస్తే పాదాలు లేస్తాయి. మధ్యలో ఉన్న ఆ సన్నటి చోటు చేతికి తెలియాలి. తర్వాత ఊపిరి. భుజాల దారాలు పోగంత పైకి, మళ్ళీ కిందికి. ఆ తర్వాత చూపు. తాత ఏదైనా చెయ్యబోయే ముందు అటు చూడాలి. కింద ఉన్న చెప్పును తియ్యాలంటే, దాని వైపు చూసి, ఆగి, అప్పుడు వంగాలి. నేను కూడా ఆయన చూసే వైపే చూస్తాను, జనం ముఖాల్లోకి కాదు. నేను జనాన్ని చూస్తే జనం నన్ను చూస్తారు, తాతను వదిలేస్తారు. మొదటి ఏడాది పాటలు పెట్టి గంతులు వేయించిన రోజుల్లో ఆగినవాళ్ళకన్నా, తాత ఒక పాపాయి బూట్ల ముందు ఆగి వాటినే తదేకంగా చూసిన రోజున ఎక్కువమంది ఆగారు.

మా ఆట ఏడు నిమిషాలు. తాత వస్తాడు, ఆయాసపడతాడు, కూర్చోవడానికి చోటు వెతుక్కుంటాడు, ఎవరి కాలి పక్కనో కూర్చుంటాడు, వాళ్ళకేసి తలెత్తి చూస్తాడు. ఏడు నిమిషాలు దాటితే నా మణికట్టు వణుకుతుంది, ఆ వణుకు నేరుగా ఆయన తలకు వెళుతుంది. పది నిమిషాలు విశ్రాంతి, మళ్ళీ ఇంకో ఆట. సాయంత్రానికి అయిదుకు మించి చెయ్యను.

చోట్ల విషయానికొస్తే, బీసెంట్ రోడ్డులో జనం ఉంటారు గాని నిలబడే జాగా ఉండదు. పైగా తోపుడు బండ్లవాళ్ళ బేరాలకు అడ్డం పడతాం, అది నాకు ఇష్టం లేదు. దసరాకు దుర్గమ్మ కొండ దగ్గర అసలు వద్దు, ఆ జనప్రవాహంలో ఆగమనడం ప్రమాదం. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో ఆ చుట్టుపక్కల ఆడితే చాలా బాగుంటుంది. పుస్తకాలకు వచ్చినవాళ్ళు తీరిగ్గా ఆగుతారు. గుంటూరులో బ్రాడీపేటలో రెండుసార్లు ఆడాను, అక్కడి పెద్దవాళ్ళు బొమ్మతో మాట్లాడతారు. 'ఏం తాతా, ఏ ఊరు మనది' అని ఒకాయన అడిగితే తాత చెయ్యెత్తి కృష్ణానది వైపు చూపించాడు. ఎండాకాలం ఆరున్నర దాటాకే బయటికి వస్తాం. ఎక్కడైనా సరే దారి వదిలి నిలబడటం, స్పీకరు లేకపోవడం ముఖ్యం. స్పీకరు మానేశాక నన్ను లేచిపొమ్మన్నవాళ్ళు లేరు. కర్ర పట్టుకున్న చేతికి చిన్న గజ్జె కట్టుకుంటాను, ఆ చప్పుడు చాలు.

చాలామంది 'తోలుబొమ్మలాటా అక్కా' అని అడుగుతారు. కాదని చెప్పి, తెర వెనక దీపం పెట్టి ఆడించే తోలుబొమ్మల గురించి, అందులో నవ్వించే కేతిగాడు, బంగారక్క గురించి రెండు మాటలు చెబుతాను. అది వేరే విద్య, నేను నేర్చుకోలేదు. కానీ మన పెద్దవాళ్ళకు ఆట అనగానే ఆ పేర్లు గుర్తుకురావడం నాకు సంతోషం.

ఒక దెబ్బ గురించి చెప్పాలి. రెండో ఏడాది పున్నమి ఘాట్‌లో ఆడుతుండగా నది మీంచి ఒక్కసారిగా గాలి కొట్టింది. తొమ్మిది దారాలూ ముడిపడిపోయాయి. కంగారులో తాతను మెడ దగ్గర పట్టుకుని పైకెత్తాను. ముందు కూర్చున్న నాలుగేళ్ళ బాబు 'తాత చచ్చిపోయాడు' అని గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్ళమ్మ ఎంత ఓదార్చినా ఆగలేదు. అప్పుడు తాతను మెట్టు మీద కూర్చోబెట్టి, కండువా సర్ది, 'తాతకు అలసట వచ్చింది నాన్నా, చెయ్యి పట్టుకో' అన్నాను. ఆ బాబు చెక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, నేను పావుగంట చిక్కులు విప్పాను. ఆ తర్వాత జనం ఉన్నప్పుడు తాతను ఎన్నడూ వేలాడదీయలేదు. సంచిలో పెట్టేటప్పుడు కూడా ముందు కూర్చోబెట్టి, తల వంచి, గుడ్డ కప్పాకే దారాలు మెలిపెట్టి కర్రకు చుడతాను.

డబ్బు గురించి దాపరికం లేకుండా రాస్తాను. మామూలు ఆదివారం 300 నుంచి 900 రూపాయలు వస్తాయి. ఇల్లు గడవదు. ఇత్తడి పళ్ళెం తాత పక్కన పెడతాను, ఫోన్‌పే స్కానరు దానికి ఆనించి ఉంటుంది. చెయ్యి చాచను, ఆట చివర తాత నమస్కారం పెడతాడు, అంతే. బొమ్మకు, దారాలకు, మరమ్మతులకు కలిపి 11 వేలు అయ్యాయి. అవి రెండో ఏడాదికే తిరిగి వచ్చాయి.

జాగ్రత్త పడాల్సినవి రెండు. మే నెలలో స్కూటీ డిక్కీలో పెట్టకండి, రంగు మెత్తబడి గుడ్డ ముఖానికి అంటుకుంటుంది. వానాకాలం మోకాళ్ళ తోలు కీళ్ళు బిగుసుకుంటాయి, ఆడే ముందు పది నిమిషాలు చేత్తో ఆడించి వదులు చెయ్యాలి. మోకాళ్ళ దారాలు ఆరు నెలలకోసారి మార్చాలి, తెగేది ఎప్పుడూ అవే.

పాత కఠ్‌పుత్లీని మా వీధి చివరింటి పదకొండేళ్ళ పాపకు ఇచ్చాను. ఇప్పుడు ఆదివారాలు నాతో వస్తుంది, పళ్ళెం దగ్గర కూర్చుంటుంది. తాత కర్ర ఇమ్మని పోరు పెడితే, మోకాళ్ళ అడ్డకర్ర ఊడదీసి మిగతాది ఇచ్చాను. పోయిన వారం చెయ్యి కదలకుండా అర నిమిషం నిలబెట్టింది.