కంప మంటా, కట్టె నిప్పా: ప్రసంగి లెక్కలో ఏది మేలు?

కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకు ఈ పోలిక విడమరచి చెప్పక్కర్లేదు. ఎండిన ముళ్లకంప వేస్తే మంట భగ్గుమంటుంది, చిటపటలు వాకిట్లోకి వినిపిస్తాయి, అన్నం మాత్రం ఉడకదు. బైబిల్లో ప్రసంగి గ్రంథం 7వ అధ్యాయం బుద్ధిహీనుల నవ్వును దీనితోనే పోల్చింది. హీబ్రూ మూలంలో ముళ్లు 'సీరీమ్', కుండ 'సీర్'. వాక్యం పలుకుతుంటేనే చిటపటమంటుంది. మన అనువాదకులు 'చితుకుల చిటపట' అని ఆ సొగసును కొంతైనా దక్కించారు.

రాత్రి పదింటికి ఒక్క రీల్ అని మొదలుపెట్టి పన్నెండు దాకా చూస్తాను. పొద్దున ఒక్కటీ గుర్తుండదు. అది కంప మంటే.

అలాగని ఆ పుస్తకంలో మాట్లాడే ప్రసంగి నవ్వు గిట్టని మనిషేమీ కాదు. 2వ అధ్యాయంలో సరదాను తన మీదే పరీక్షించి చూశాడు. ఇళ్లు, ద్రాక్షతోటలు, చెరువులు, దాసదాసీలు, వెండి బంగారాలు, పాటగాళ్లు, కళ్లు కోరినవన్నీ. నవ్వును వెర్రిదన్నాడు. అన్నీ అమర్చుకుని వెనక్కి చూస్తే మిగిలింది 'హెబెల్', అంటే ఊపిరి, ఆవిరి. మన బైబిల్లో అదే 'వ్యర్థము'.

చిత్రమేమిటంటే, అదే అధ్యాయంలో 'నీవల్ల ఏం ఒరిగింది' అని సంతోషాన్ని నిలదీసినవాడే 8వ అధ్యాయంలో సంతోషాన్ని మెచ్చుకుంటాడు. హీబ్రూలో రెండుచోట్లా మాట ఒక్కటే, 'సిమ్హా'. మరి మారిందేమిటి? 9వ అధ్యాయం చూడండి: రొట్టె, ద్రాక్షారసం, తెల్లని బట్టలు, తలకు నూనె, ప్రేమించే భార్య, చేతికి వచ్చిన పని. మొదటి జాబితాలో అడుగడుగునా 'నా కోసం' అని వినిపిస్తుంది. రెండోది దేవుడు ఇచ్చింది, పక్కన ఇంకో మనిషి ఉన్నది. సైజులో మొదటిదే పెద్దది. నన్నడిగితే రెండోదే కడుపు నింపుతుంది.

ఇక్కడ ప్రసంగి నిజాయితీ నాకు నచ్చుతుంది. భార్యతో సుఖించమన్న రోజుల్ని కూడా ఆయన 'హెబెల్' అనే అన్నాడు. శాశ్వతమని మాట ఇవ్వలేదు. ఎన్నటికీ తరగని ఆనందం కావాలంటే బైబిల్లోనే వేరే పుస్తకాలు తెరవాలి. ఫిలిప్పీ పట్టణంలోని క్రైస్తవ సంఘానికి 'ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి' అని రాసేనాటికి అపొస్తలుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. విందులు పోయినా నిలిచే ఆనందం అది. కీర్తన 4 కూడా ఇదే లెక్క వేస్తుంది: ధాన్యం, ద్రాక్షారసం సమృద్ధిగా ఉన్నవాళ్ల సంతోషం కంటే ఆ కీర్తన రాసిన కవి గుండెలో దేవుడు పుట్టించినదే ఎక్కువట.

విందు ఇంటికంటే ఏడ్పు ఇంటికి వెళ్లడం మేలన్న మాట కూడా 7వ అధ్యాయంలోదే. అది విని చాలామంది ఈ పుస్తకాన్ని ఏడుపు పుస్తకమని పక్కన పెట్టేస్తారు. యూదుల్లో అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్నవాళ్లు) మాత్రం దీన్ని ఏటా పర్ణశాలల పండుగలో చదువుతారు. వాళ్ల ప్రార్థనల్లో ఆ పండుగకు 'మా సంతోష కాలం' అని పేరు. ఆ ఏడు రోజులూ భోజనాలు ఇంట్లో కాదు, కొమ్మల కప్పు వేసిన పందిట్లో. సందుల్లోంచి చుక్కలు కనిపిస్తుంటాయి.