లేపాక్షి కప్పు మీద అర్జునుడు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు: మూడు రోజుల తిరుగుడు

మా అత్తకి మెడనొప్పి. ఈ ప్రయాణం సంగతి చెప్పాలంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి. లేపాక్షిలో నింపాదిగా చూడాల్సినవన్నీ నెత్తి మీదే ఉన్నాయి మరి.

అత్త ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగు నేర్పింది. పిల్లలకి లేపాక్షి నంది బొమ్మ ఎన్నిసార్లు వేయించిందో లెక్కలేదు గానీ తను మాత్రం ఎప్పుడూ లేపాక్షి చూడలేదు. "రిటైరయ్యాక చూద్దామనుకున్నానే, రిటైరయ్యాక మెడ పట్టేసింది" అంటుంది. ఫిబ్రవరిలో ఇద్దరం కాచిగూడలో రాత్రి రైలెక్కి పొద్దున్నే హిందూపురంలో దిగాం.

హిందూపురంలో దిగగానే చెవికి తెలుగూ కన్నడమూ కలిసే వినబడతాయి. బెంగళూరు నూట ఇరవై కిలోమీటర్ల లోపే. స్టేషన్ దగ్గరి హోటల్లో పులిహోర అడిగితే కుర్రాడు "చిత్రాన్నమా?" అని ఎదురడిగాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నీళ్ళలో తడిపి పిండి, తాలింపు వేసి, పుట్నాలపొడి చల్లే ఈ ఫలహారం మా హైదరాబాదులో దొరక్క కాదు, కానీ ఈ రుచి రాదు.

బస విషయం ముందే చెప్పేస్తాను. లేపాక్షిలో పర్యాటక శాఖ వాళ్ళ హోటల్ ఉంది. మేం ఆలస్యంగా మేల్కొన్నాం, గది దొరకలేదు. హిందూపురంలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, ఆరింటికల్లా వస్తాయన్న వేడినీళ్ళు ఎనిమిదిన్నరకి గానీ రావట. మాకు పొద్దుటి వెలుగే ముఖ్యం కాబట్టి చన్నీళ్ళతోనే కానిచ్చేశాం. వీలైతే లేపాక్షిలోనే ఉండండి. అక్కడుంటే పొద్దున్నే గుడికి నడిచి వెళ్ళొచ్చు, టూరిస్టు బస్సులు వచ్చేలోపు గంటా గంటన్నర గుడంతా మీ సొంతం అన్నట్టుంటుంది. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లే, బస్సులూ షేర్ ఆటోలూ ఉన్నాయి, కానీ పొద్దున్నే ఆటో నిండేదాకా కదలదు.

ఊరు మొదట్లోనే నంది. ఏకశిల. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఫొటోల్లో కొండంత కనిపిస్తుంది కాబట్టి దగ్గరికెళ్ళాక కొందరు పెదవి విరుస్తారు. నాకు మాత్రం ఆ బరువు కాదు, మెడలో గంటల పట్టెడ నచ్చింది. రైతు తన ఎద్దుకి ప్రేమగా కట్టినట్టు, తాడు మెలిక సైతం కనబడేలా చెక్కారు. అత్త చుట్టూ రెండుసార్లు తిరిగి, "మా పిల్లలతో చెవులు తప్పు వేయించానే" అని ఒప్పేసుకుంది. పక్కన రాతిగుట్ట మీద కొత్తగా పెట్టిన జటాయువు బొమ్మ ఉంది. "లే పక్షీ" అని రాముడన్నాడని, అందుకే ఈ ఊరికా పేరని చెప్పుకుంటారు కదా, ఆ కథకి తగ్గట్టు. రోడ్డు మీంచి చూస్తే చాలు.

గుడికి టికెట్ లేదు. కూర్మశైలమనే తాబేటి డిప్పలాంటి బండ మీద ఉంది వీరభద్రాలయం. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దం తొలి సగంలో, పెనుకొండ సీమ అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకి ఎక్కింది. గైడ్ కుర్రాణ్ణి నాలుగు వందలకి మాట్లాడుకున్నాం. కలివిడిగానే ఉన్నాడు గానీ అతని దారి ఒకటే: వేలాడే స్తంభం, సీతమ్మ పాదం, ఏడు పడగల నాగలింగం, విరూపణ్ణ తన కళ్ళు తనే పీకి గోడకి కొట్టాడనే ఎర్రమచ్చలు. స్తంభం కింద అందరూ చున్నీలూ తువ్వాళ్ళూ దూర్చి లాగుతున్నారు. మేమూ లాగాం. లాగకుండా ఎవరుంటారు? కానీ అక్కడ వరసలో నిలబడ్డవాళ్ళలో పదిమందికి ఒక్కరైనా తలెత్తి పైకి చూడలేదు. వాళ్ళ నెత్తిన ఉన్నదేమో విజయనగర కాలపు చిత్రలేఖనంలో నేటికి మిగిలిన గొప్ప భాగం.

నాట్యమండపం కప్పు పొడవునా, రాతి దూలాల మధ్య పట్టీలు పట్టీలుగా ఉన్నాయి బొమ్మలు. సున్నపు గచ్చు మీద కావి, గోధుమ, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చ. అంతే రంగులు. బొమ్మ చుట్టూ నల్లటి గీత తడబడకుండా సాగుతుంది. మొహాలు ఎక్కువగా పక్కవాటంగా ఉంటాయి, కోటేరులాంటి ముక్కులు, చెంప దాటి వచ్చినంత పెద్ద కళ్ళు. పెచ్చులూడిపోయిన చోట్ల కథ సగంలో తెగిపోయి పక్క పట్టీలో మళ్ళీ అందుకుంటుంది. ఏ పట్టీ ఏ కథో చెప్పే పలక నాకు కనబడలేదు. మా గైడ్‌కి వటపత్రశాయి ఒక్కడే తెలుసు, "ఎటు నిలబడినా మిమ్మల్నే చూస్తాడు మేడమ్" అంటూ మమ్మల్ని అటూ ఇటూ నడిపించాడు.

ఐదు నిమిషాలకే అత్త మెడ పట్టుకుని కూలబడింది. ఇక అయిపోయింది, బయటికెళ్ళి చెట్టుకింద కూర్చోబెడదామనుకున్నాను. ఈలోపు హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టు పెట్టుకునే అద్దం తీసి ఒళ్ళో పెట్టుకుంది. కప్పంతా అందులో ఉంది! అద్దాన్ని కొంచెం కొంచెం జరుపుతూ పట్టీ వెంట పట్టీ చదవడం మొదలుపెట్టింది. దూడని రథంకింద తొక్కించిన కొడుక్కి మరణశిక్ష వేసిన మనునీతి చోళుడు, గంట తాడు లాగుతున్న ఆవు. పార్వతీ కల్యాణం. కిరాతార్జునీయంలో పంది. గుడి కట్టించిన అన్నదమ్ములు పరివారంతో దణ్ణం పెడుతున్న పట్టీ, వాళ్ళ తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు. శ్రీనాథుడంతటివాడు కన్నడ రాజసభలో పెట్టుకోక తప్పలేదని వాపోయింది ఈ కుళ్ళాయి గురించే. అనంతపురం వైపు ఇప్పటికీ కుళ్ళాయప్ప అనే పేరు ఇంటికొకటి వినబడుతుంది.

"ఒసే, ఇటు రా" అని పిలిచింది అత్త. అద్దంలో ద్రౌపదీ స్వయంవరం. అర్జునుడు తల వంచి కింద నీళ్ళలో నీడ చూస్తూ పైనున్న మత్స్యయంత్రాన్ని కొడుతున్నాడు. తనూ తల వంచి నీడలోనే చూస్తోంది ఆయన్ని. ఇద్దరం నవ్వాం.

"అద్దంలో ఎడమచేతి వాటంగా కనబడుతున్నాడు అత్తా."

"అయితేనేం, సవ్యసాచి కదే."

కాబట్టి వెళ్ళేవాళ్ళకి నా సలహా: అరచేతంత అద్దం, వీలైతే బైనాక్యులర్. ఫ్లాష్ వద్దు, అది బొమ్మకీ చేటు, మీ ఫొటోకీ చేటు. పొద్దున తొమ్మిదిలోపు వెలుగు నేల మీద పడి పైకి చిమ్ముతుంది, కావిరంగు అప్పుడే కాస్త మేల్కొంటుంది. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూస్తే బయట ఎండకి కళ్ళు చెదిరి, లోపల అంతా మసకే.

శిల్పాల గురించి అందరూ చెబుతారు కాబట్టి రెండు ముక్కలే. పూర్తికాని కల్యాణమండపం, పెళ్ళికొచ్చిన దేవతలూ ఋషులూ స్తంభాల మీద నిలబడి ఉండగానే కప్పు లేకుండా ఆగిపోయింది. లతామండపం స్తంభాల మీద స్తంభానికో రకం పూలపనులు, చీర అంచుకి నేరుగా ఎక్కించేసుకోవచ్చు. ప్రాకారంలో బండ మీద పనివాళ్ళు తిన్నారని చెప్పే రాతి పళ్ళాలు చెక్కి ఉన్నాయి, కూరలకి గుంటలతో సహా. మా అత్త అక్కడ చాలాసేపు ఆగింది.

రెండో రోజు కారు మాట్లాడుకున్నాం. పెనుకొండ మీదుగా నిమ్మలకుంట, రాత్రికి ధర్మవరం. డీజిల్‌తో కలిపి 3,800 అన్నాడు, సాయంత్రం టోల్ విడిగా అడిగాడు. ముందే తేల్చుకోండి.

1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు చేరిన ఊరు పెనుకొండ. గగన్‌మహల్ బయటినుంచి అందంగా ఉంది, మేం వెళ్ళినప్పుడు తలుపు తాళం. కుంభకర్ణుడి తోటకి మాత్రం నేను వద్దన్నా డ్రైవర్ తీసుకెళ్ళాడు. కొండ పక్కన కొండంత కుంభకర్ణుడు పడుకుని నిద్రపోతుంటాడు, లేపడానికి రాక్షసులు అవస్థ పడుతుంటారు, పిల్లలు ఆయన పొట్టలోకి దూరి కేకలు పెడుతుంటారు. శిల్పంగా దాన్ని మెచ్చుకోలేను. కానీ లేపాక్షిలో ఒక్క పిల్లవాడూ ఇంత ఆనందంగా కనబడలేదని ఒప్పుకోవాలి. దారిలో కియా కార్ల కర్మాగారం, హోటళ్ళ మీద కొరియన్ అక్షరాలు. మధ్యాహ్నం రాగిసంగటి, పప్పు, ఊరిమిండి పచ్చడి. డెబ్భై రూపాయలకి ఇంత మంచి భోజనం ఈ మూడు రోజుల్లో మళ్ళీ తినలేదు.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలో చిన్న ఊరు. గ్యాలరీ అంటూ ఏమీ ఉండదు, ఇళ్ళే గ్యాలరీలు. వాకిట్లో చట్రాలకి బిగించిన మేకతోళ్ళు ఎండుతుంటాయి. ఆంధ్ర తోలుబొమ్మలకి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తరాల కిందట మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇవి, ఇంట్లో మరాఠీ కలిసిన మాట, బొమ్మలాటలో మాత్రం చక్కటి తెలుగు పద్యం.

మేం వెళ్ళిన ఇంట్లో పెద్దాయన, కోడలు, మనవడు ముగ్గురూ పనిలో ఉన్నారు. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెడితే పలచటి కాగితంలా, దీపం పెడితే అవతలి వెలుగు కనిపించేలా తయారవుతుంది. దాని మీద గీత గీసి, చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. నగలన్నీ ఆ చిల్లులే. రంగులు రెండువైపులా వేయాలి. పగటి వెలుగులో చూస్తే బొమ్మ కొంచెం మురికిగా, బరువుగా ఉంది. నా మొహంలో అది కనబడిందేమో, పెద్దాయన నవ్వి, "ఉండమ్మా, దీపం పెట్టందే దానికి పానం రాదు" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు మూసి, బల్బు వేసి హనుమంతుణ్ణి తెర మీదికి తెచ్చాడు. ఎరుపూ పచ్చా ఒక్కసారి మండాయి, చిల్లులు హారాలయ్యాయి. కాలితో చెక్క మీద రెండు దరువులు వేసి లంకాదహనంలోంచి నాలుగు పద్యపాదాలు పాడాడు. తర్వాత ఆటలో నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి మా అత్త మెడ మీద హాస్యమాడి వెళ్ళారు.

"ఇదివరకు ఆముదం దీపాలమ్మా. తెల్లారేదాకా ఆడేవాళ్ళం. ఇప్పుడు పిలిచేవాళ్ళు తక్కువ, ల్యాంపు షేడ్లే కూడు పెడతాండాయి" అన్నాడు. ఆ మాటలో ఏడుపేమీ లేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

అత్త ఒక ప్రశ్న వేసింది. తోలుబొమ్మలకి ఎక్కువగా పక్కవాటం మొహాలే, నీడలో ముక్కు బాగా తెలిసేది అలాగే. మరి నీడతో పనిలేని లేపాక్షి కప్పు మీద కూడా అవే పక్కమొహాలు, అవే కళ్ళు, అవే పంచెకుచ్చెళ్ళు ఎందుకున్నాయి? ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారు? పెద్దాయన ఉలి ఆపకుండానే, "మేం రాయలోరి కాలం నుంచీ ఉండామంటారు మా పెద్దలు. అంతకు మించి నాకు తెల్దమ్మా" అన్నాడు.

ఇక్కడ కొనేవాళ్ళకి రెండు మాటలు. ముందు ఫోన్ చేసి వెళ్ళండి, ఎగ్జిబిషన్ల రోజుల్లో ఇంట్లో ఎవరూ ఉండరు. బేరం ఆడాలనిపిస్తే ఒక అరగంట పక్కన కూర్చుని చిల్లులు లెక్కపెట్టండి. నేను చిన్న షేడ్ 900కి కొన్నాను. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టాలట, వేడి బల్బుకి తోలు ముడుచుకుపోతుంది.

ధర్మవరం గురించి పెద్దగా చెప్పను. పట్టుచీరల ఊరు, వీధికి పది దుకాణాలు, రాత్రి బస చేసిన చోటు బాగానే ఉంది, దోమలు తప్ప. ఒక ఇంట్లో గుంతమగ్గం మీద లేపాక్షి లతల అంచు నేస్తుంటే చూశాం. దుకాణంలో అదే అంచు, ఇది మరమగ్గం చీర, తేడా పట్టుకోవడం నా వల్ల కాలేదు. అత్త వెనక్కి తిప్పి చూసి పట్టేసింది, కానీ ఎలాగో చెప్పకుండా చీర కొనేసుకుంది. చీరా రైలు చార్జీలూ తీసేస్తే ఇద్దరికీ మూడు రోజులకి తొమ్మిది వేల చిల్లర అయింది.

నిమ్మలకుంటలో అత్త ఒక బొమ్మకి అడ్వాన్సు ఇచ్చి వచ్చింది. మత్స్యయంత్రం కొడుతున్న అర్జునుడు, లేపాక్షిలో ఉన్నట్టే. నెల తర్వాత పార్సిల్ వచ్చింది. వీధివైపు కిటికీకి వేలాడదీసింది. సాయంత్రం లైటు వేశాక ఇంట్లోంచి చూస్తే అర్జునుడు కుడిచేత్తో వింటినారి లాగుతుంటాడు. పాలు తేవడానికి గేటు దాటి వెనక్కి చూస్తే, ఎడమచేత్తో.