హోవార్డ్ ఆష్మన్: చిన్న స్టేజీనా, డిస్నీ తెరా?

అమెరికన్ గీత రచయిత, నాటక దర్శకుడు ఆష్మన్ పనితనం దేంతో మొదలుపెట్టి చూడాలి? 1982లో న్యూయార్క్‌లోని ఓ చిన్న థియేటర్లో మొదలైన ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ అనే సంగీత నాటకానికి రచన, పాటల సాహిత్యం, దర్శకత్వం మూడూ ఆయనవే. రక్తం తాగే మొక్క పాడుతుంటే నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. ఐదేళ్లకు పైగా ఆడింది.

డిస్నీ కార్టూన్ సినిమా ‘ది లిటిల్ మెర్మెయిడ్’ (1989)కి ఆయన పాటలు రాశారు, దర్శకుడు మాత్రం కాదు. అయినా ‘పార్ట్ ఆఫ్ యువర్ వరల్డ్’ పాట రికార్డింగ్‌లో, కథానాయికకు గొంతిచ్చిన జోడీ బెన్సన్ పక్కనే నిలబడి, ఒక్కో మాటలో ఎంత భావం పలకాలో చెప్పారు. 1986లో 48 ప్రదర్శనలకే ఆగిపోయిన ఆయన బ్రాడ్‌వే నాటకం ‘స్మైల్’లో నటించింది ఆవిడే. ఆమె పాడిన ఆ పాటను సినిమాలోంచి తీసేద్దామంటే ఆష్మన్ ససేమిరా అన్నారు.

నా ఓటు స్టేజీకే. అక్కడ ప్రతి అంగుళం ఆయనదే. కానీ ఆ పాట వింటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. 1991 మార్చిలో, 40 ఏళ్లకే, ఎయిడ్స్‌తో వెళ్లిపోయారు.