‘అమెరికాకి పోయే ప్యానెలండీ ఇది’: గుంటూరు సోలార్ షాపు మీద నా రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తా, చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ప్యానెల్స్‌కి ఐదుకి నాలుగున్నర, బిగించిన పనికి మూడు, షాపాయన మాటలకి రెండు. షాపు అరండల్‌పేట వైపు ఉంది, పేరు మాత్రం రాయను, ఎందుకంటే సర్కారు సబ్సిడీ పథకం ప్రకారం ఐదేళ్ళ మెయింటెనెన్స్ వాళ్ళ చేతుల్లోనే ఉంది, ఇంకా చాలాసార్లు వాళ్ళ మొహం చూడాలి.

మేం పెట్టించింది 3 కిలోవాట్లు, పీఎం సూర్యఘర్ పథకంలో. అన్నీ కలిపి రెండు లక్షల పైచిలుకు అయింది, అందులో 78,000 సబ్సిడీ నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కగట్టే మీటర్) పెట్టాక నేరుగా బ్యాంకు ఖాతాలో పడింది. ఈ సబ్సిడీ లెక్క తెలియనివాళ్ళకి: మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, ఆ పైన ఎంత పెట్టినా 78,000 దాటదు. కాబట్టి ‘ఐదు కిలోవాట్లు పెట్టండి సార్, సబ్సిడీ ఎక్కువొస్తుంది’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మా షాపాయన అన్నాడు.

ఆయన అసలు మంత్రం మాత్రం వేరే. కుర్చీలో కూర్చోగానే, ఇంకా మంచినీళ్ళు కూడా ఇవ్వకముందే, ‘అమెరికాకి పోయే ప్యానెలండీ ఇది, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ’ అని మొదలుపెట్టాడు. మన ఊళ్ళో చీరైనా మిరపకాయైనా చెప్పులైనా ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అంటే రేటు పెరుగుతుంది కదా, సోలార్‌కి కూడా అదే పాట. నాకు ఈ విషయం మీద కొంచెం పిచ్చి ఉంది కాబట్టి అసలు మన ప్యానెల్స్ అమెరికాకి ఎందుకు పోతున్నాయో ఆయన్నే అడిగాను. ‘క్వాలిటీ అండీ’ అన్నాడు. క్వాలిటీ ఉంది, కాదనను, కానీ కథ అంత చిన్నది కాదు.

అసలు సోలార్ పరిశ్రమ ఏ దేశంలో చూసినా సర్కారు చెయ్యి పట్టుకునే నడక నేర్చింది. 2000లో జర్మనీ ఒక చట్టం చేసింది, డాబా మీద తయారైన కరెంటుని ఇరవై ఏళ్ళ పాటు స్థిరమైన రేటుకి కొంటాం అని. దాంతో అక్కడ జనం ఎగబడ్డారు. ఆ గిరాకీ చూసి చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి, ముందు యూరప్‌కి అమ్మారు, తర్వాత యూరప్ సుంకాలు వేస్తే సొంత దేశంలోనే పెట్టుకున్నారు. 2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం ప్యానెల్ తయారీలో ప్రతి దశలోనూ 80 శాతం పైన చైనాదే. మనం ఆలస్యంగా మేలుకున్నాం. 2022 ఏప్రిల్ నుంచి బయటి ప్యానెల్స్ మీద 40 శాతం, వాటి లోపల కరెంటు పుట్టించే సెల్స్ మీద 25 శాతం సుంకం వేశాం, తయారీదారులకి ప్రోత్సాహకాలు ఇచ్చాం. సరిగ్గా అదే ఏడాది జూన్‌లో అమెరికా, బలవంతపు చాకిరీతో తయారవుతున్నాయని చెప్పి, చైనాలోని షిన్‌జియాంగ్ ముడిసరుకు ఉన్న వస్తువుల్ని ఆపేసే చట్టం అమలుచేసింది. చైనా కంపెనీల సరుకు ఓడరేవుల్లో ఇరుక్కుపోయింది, అక్కడి బిల్డర్లు వేరే దేశం కోసం వెతికారు, మనవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. అంటే మన సరుకు బాగుండటం ఒక ఎత్తు, పక్కవాడి కొట్టు మూతపడటం ఇంకో ఎత్తు.

ఇంకో తమాషా ఉంది. మన దేశంలో తయారైన సెల్సే వాడాలి అని మనం పెట్టిన నిబంధన మీద 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో కేసు వేసింది ఎవరనుకున్నారు, ఈ అమెరికానే. 2016లో మనం ఓడిపోయాం కూడా. తర్వాత మన ప్యానెల్స్‌కి పెద్ద కొనుగోలుదారు వాళ్ళే అయ్యారు!

ఇప్పుడు మా షాపాయన మాటలో కిటుకు చూడండి. సూర్యఘర్ సబ్సిడీ రావాలంటే డీసీఆర్ ప్యానెలే పెట్టాలి, అంటే ప్యానెలూ లోపలి సెల్సూ రెండూ ఇండియాలోనే తయారవ్వాలి. ఎగుమతికి ఆ నియమం లేదు. మన దగ్గర ప్యానెల్ ఫ్యాక్టరీలు బోలెడు, 2014లో రెండు మూడు గిగావాట్లున్న సామర్థ్యం 2025 ఆగస్టుకి 100 గిగావాట్లు దాటింది. సెల్స్ తయారుచేసేవాళ్ళు మాత్రం తక్కువ, హైదరాబాద్ ప్రీమియర్ ఎనర్జీస్ లాంటి కొన్ని కంపెనీలే చేస్తూ వచ్చాయి. అందుకే చాలామంది సెల్స్ బయట నుంచి తెప్పించుకుని ఇక్కడ అద్దంలో పేర్చి అమ్ముతూ వచ్చారు, ఎగుమతయ్యే సరుకులో అలాంటిదీ ఉంది. కాబట్టి సబ్సిడీలో మీకు బిగించే ప్యానెల్‌కి ‘అమెరికాకి పోయే’ సర్టిఫికెట్ అక్కర్లేదు, డీసీఆర్ అని కాగితం మీద ఉండాలి. ధర ఎక్కువే, వేరే దారి లేదు.

సరుకు దిగిన రోజు నేను చేసిన పని ప్యానెల్స్ తిరగేసి వెనక స్టిక్కర్ చదవడం. కుర్రాళ్ళు నవ్వుకున్నారు. ఆరు ప్యానెల్స్, ఒక్కొక్కటి 540 వాట్లు, మోనో పెర్క్ అనే రకం. సీరియల్ నంబర్లన్నీ ఫోటో తీసుకుని బిల్లులో నంబర్లతో పోల్చాను, సరిపోయాయి. ఆ స్టిక్కర్ మీద కానీ డేటా షీట్‌లో కానీ ఉష్ణోగ్రత గుణకం అని ఒక సంఖ్య ఉంటుంది, వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే పవర్ ఎంత తగ్గుతుందో చెప్పేది, మనలాంటి ఊరివాళ్ళు ముందు చూడాల్సింది అదే. మాది డిగ్రీకి 0.35 శాతం. ప్యానెల్ రేటింగ్ 25 డిగ్రీల దగ్గర ఇస్తారు. మే నెల గుంటూరు ఎండలో సెల్ వేడి 65 డిగ్రీలకి పోయిందంటే రమారమి 14 శాతం పవర్ గాల్లో కలిసినట్టే. ఎండ ఎంత మండితే కరెంటు అంత వస్తుందనుకునేవాళ్ళకి ఇది చెప్పండి. కొత్తగా వస్తున్న టాప్‌కాన్ రకంలో ఈ నష్టం కొంచెం తక్కువ, దొరికితే అది తీసుకోండి.

ఇక బిగింపు. ఇక్కడే షాపు అసలు రంగు బయటపడింది. ప్యానెల్స్ నిలబెట్టే స్ట్రక్చర్‌కి హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే జింకు పూత వేసిన, పైపులని కొటేషన్‌లో రాశారు, పైపులు అవే వచ్చాయి, కానీ డాబా మీదే కోసి వెల్డింగ్ పెట్టి ఆ అతుకుల మీద సిల్వర్ పెయింట్ పూసేశారు. వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, మన చెమట గాలికి రెండు వర్షాకాలాల్లో తుప్పు ఖాయం. నట్టూ బోల్టుతో బిగించండని అడిగితే, ‘అందరికీ ఇలాగే చేస్తున్నామన్నా, ఎవరూ అనలేదు’ అన్నాడు హెడ్ కుర్రాడు. అనకపోవడమే వాళ్ళ ధైర్యం. ఎర్తింగ్ గుంటలు మాత్రం మూడూ తవ్వారు, ఏసీ కరెంటుకి ఒకటి, డీసీ కరెంటుకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, అది మెచ్చుకోవాలి. ఎత్తు విషయంలో అమ్మ పట్టుబట్టింది, ‘కింద ఒడియాలు పెట్టుకోవాలయ్యా, నేను వంగి నడవలేను’ అని. ఏడడుగులు లేపారు, అదనంగా తీసుకున్నారు, ఇప్పుడు అమ్మకి ఒడియాలకి ఎండా లేదు, ఉన్నదంతా నీడే.

నెట్ మీటర్ కాగితాలు షాపువాళ్ళు చాలా నానబెట్టారు. ప్యానెల్స్ ఎండలో ఊరికే మెరుస్తూ కూర్చున్నాయి. ఫోన్ చేస్తే ‘రేపండీ’.

కరెంటు విషయానికొస్తే, మంచి రోజు 12 యూనిట్ల దాకా వస్తోంది, ముసురు పడితే సగం కూడా రాదు. మూడు కిలోవాట్లకి ఇది న్యాయమైన లెక్కే. ఒక సంగతి మాత్రం అందరూ తెలుసుకోవాలి: వీధిలో కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆపేస్తుంది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితేనే ఫ్యాన్ తిరుగుతుంది. షాపాయన చెప్పలేదు కానీ ఆ హెడ్ కుర్రాడు చెప్పాడు, అందుకే పనికి మూడు మార్కులు, లేకపోతే రెండున్నరే.

మా బావకి చిలకలూరిపేట రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజ్ ఉంది. వాళ్ళకి సోలార్ బాగా కలిసొస్తుంది, ఎందుకంటే సరుకు నిండి మిషన్లు ఎక్కువ తిరిగే ఎండాకాలంలోనే, వేడికి కొంత పోయినా, ప్యానెల్ కూడా గట్టిగా పనిచేస్తుంది. ఇళ్ళకిచ్చే సబ్సిడీ వాళ్ళకి రాదు కాబట్టి కోట్ తీసుకునేనాటికి డీసీఆర్ బాధ లేదు. అదే షాపాయన ఆయనకి తక్కువ రేటుకి కోట్ చేశాడు, ‘అమెరికా సుంకాలు పెంచిందండీ, స్టాక్ ఉంది’ అని. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్ళిన మాట నిజమే, అంతకుముందు నెలే అక్కడి తయారీదారులు ఇండియా, ఇండోనేషియా, లావోస్ ప్యానెల్స్ మీద డంపింగ్ (అన్యాయంగా చవక రేటుకి దించేస్తున్నారన్న) పిటిషన్ కూడా వేశారు. బావ ఒక్క మాటలో తేల్చేశాడు: ‘చైనా కొనడం ఆపితే తేజ మిర్చి రేటు ఏమవుతుందో యార్డులో చూడట్లేదా, వీళ్ళదీ అంతే, ఒక్క బేరగాడి మీద బతుకు.’

దానికి నేను సుజ్లాన్ సంగతి చెప్పాను. మన గాలిమరల కంపెనీ, 2007లో జర్మనీ కంపెనీ రీపవర్‌ని కొనేంత ఎత్తుకెళ్ళింది. 2008లో అమెరికాలో పెట్టిన మరల రెక్కలకి పగుళ్ళొచ్చి వెయ్యికి పైగా రెక్కలు సరిచేయాల్సొచ్చింది, పైన అప్పుల భారం, చివరికి 2015లో ఆ జర్మనీ కంపెనీనే అమ్ముకుంది. సముద్రం దాటించి అమ్మాక రిపేరుకి మనిషిని కూడా పంపాలి. మా షాపువాళ్ళకి అరండల్‌పేట నుంచి మా కొరిటెపాడు రావడానికే వారం పడుతోంది.

బావ ఇంకా ఆర్డర్ ఇవ్వలేదు, బోల్ట్ స్ట్రక్చర్ రాసిస్తేనే అడ్వాన్స్ అన్నాడట. మీరు కూడా అడ్వాన్స్‌కి ముందే డీసీఆర్ కాగితం, వెల్డింగ్ లేని స్ట్రక్చర్, నెట్ మీటర్ గడువు, ఈ మూడూ కొటేషన్‌లో రాయించుకోండి. మా ఎర్తింగ్ గుంటల్లో ఒకదానికి మూత ఇంకా రాలేదు, ప్రస్తుతానికి రాయి పెట్టాం. వచ్చినప్పుడు ఇక్కడే అప్‌డేట్ పెడతా.