ప్రొబేషన్‌లో రెండేళ్లు: నాకు అక్కరకొచ్చినవి

గట్టు తగాదాలో కర్ర ఎత్తాను. అవతలి మనిషి చెయ్యి విరిగింది. తప్పు నాదే. కోర్టు నన్ను జైలుకు పంపలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని, రెండేళ్లు ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో ఉండమంది.

మా ఉద్దానంలో పని దొరకని కుర్రాళ్లు చెన్నైకో హైదరాబాదుకో రైలెక్కేస్తారు. నాకు ఆ దారి మూసుకుపోయింది. ఉండే చోటు మారాలంటే అనుమతి కావాలి. ఊళ్లోనే బతుకుతెరువు దొరక్కపోతే బాండు నిలబెట్టుకోవడం చాలా కష్టం.

మొదట్లో ప్రొబేషన్ ఆఫీసులో నా చేతిలో సాయం చేసే సంస్థల ఫోన్ నంబర్ల కాగితం పెట్టి పంపేశారు. రెండు నంబర్లు పలకలేదు. మూడోది పలికితే వెళ్లాను, అందరి ముందూ "ఏం కేసు?" అని అడిగారు. మళ్లీ అటు పోలేదు. నాలుగు నెలలు వృథా అయ్యాయి. తర్వాత వచ్చిన ఆఫీసరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునే ఆర్‌సెటికి ఫోన్ చేశారు. అది బ్యాంకు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. "సోమవారం వస్తాడు, ఎవర్ని కలవాలి?" అని అడిగి, ఆ పేరు రాసిచ్చారు. "భయపడకు బాబూ, చెప్పాను" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం టెన్షన్ పోయింది. భోజనం, బస అన్నీ ఉచితం. అక్కడ మోటార్ వైండింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు పలాస చుట్టుపక్కల బోరు మోటార్లు బాగుచేస్తున్నాను.

మందు మానడానికి 14446 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఓపిగ్గా విన్నారు. కానీ నన్ను నిలబెట్టింది వారం వారం అడిగిన మా అమ్మే. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది. అక్కడ దొరికిన లాయరమ్మ ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ విడమరిచి చెప్పారు: ప్రొబేషన్ మీద విడుదలైతే, శిక్ష పడిందన్న కారణంతో చట్టం పెట్టే అనర్హతలు వర్తించవట. అయితే దరఖాస్తులో అడిగితే కేసు దాచొద్దని గట్టిగా చెప్పారు.

ఒక్కటే బాధ. ప్రొబేషన్ ఆఫీసరు దగ్గర సంతకానికి పలాస నుంచి శ్రీకాకుళం వెళ్లిరావాలంటే ఆ రోజు కూలీ పోతుంది, పైగా బస్సు ఛార్జీలు. జీడి పిక్కల కాలంలో అది మరీ కష్టం. నెలకోసారి పలాసలోనే కలిసే ఏర్పాటు తప్పకుండా చెయ్యాలి.

సోంపేట వైపు కుర్రాడొకడు ఇలాంటి బాండు మీదే ఉన్నాడు. వాడి చేతిలోనూ నంబర్ల కాగితమే ఉంది. పోయిన సోమవారం వాణ్ని బండెక్కించుకుని శిక్షణ సంస్థకు నేనే తీసుకెళ్లాను.