గుంటూరు నుంచి సూర్యలంకకు అద్దె కారు: ఎవరికి లాభం?

డ్రైవరుతో సహా రోజు అద్దెకిచ్చే కారు బాపట్ల దగ్గరి సూర్యలంక బీచికి తీసుకోవచ్చా? దారిలో ఆగుతూ వెళ్ళేవాళ్ళయితే తప్పకుండా తీసుకోండి. సముద్రస్నానం ఒక్కటే పనైతే అక్కర్లేదు. విజయవాడ నుంచి చెన్నై లైనులో రైలెక్కి బాపట్లలో దిగితే బీచి సుమారు 9 కిలోమీటర్లు, ఆటో చాలు. గుంటూరు వాళ్ళు నేరుగా వెళ్ళే రైలు దొరక్కపోతే తెనాలిలో బండి మారాలి.

కారుకు పెట్టిన డబ్బు దారిలోనే గిట్టుబాటవుతుంది. సుమారు 60 కిలోమీటర్లలో నేల మూడు రకాలుగా మారిపోతుంది. గుంటూరు దగ్గర పత్తి, మిర్చి పండే నల్లరేగడి. చేబ్రోలు దాటాక కాలవల కింద వరి. బాపట్ల దాటితే ఇసుక నేల, సరుగుడు తోటలు. డిసెంబరులో వెళ్తే పొన్నూరు చుట్టుపక్కల ఒక్క చేను గట్టు మీదైనా దిగండి. కోసిన వరి మోళ్ళ మధ్య మినుము మొలకలు రెండేసి ఆకులతో కనిపిస్తాయి. కోతకు కొద్దిరోజుల ముందే, నేలలో పదును ఉండగానే విత్తనం చల్లేస్తారు. దున్నే పని లేదు, ఆ తేమతోనే పైరు నిలబడుతుంది. ఇంత చక్కటి సేద్యం కారు అద్దంలోంచి చూస్తే తెలియదు.

చాలామంది డ్రైవర్లు గుంటూరుకు దగ్గరే కదా అని ఉప్పలపాడు పక్షుల కేంద్రం ముందు చూపిస్తామంటారు. ఒప్పుకోవద్దు. సూర్యోదయం సముద్రం మీద, పక్షులు సాయంత్రం: ఇదే సరైన వరస. చలికాలంలో 5 గంటలకల్లా బయల్దేరితే పొద్దు పొడిచేసరికి బీచిలో ఉంటారు. తిరుగుదారిలో నాలుగున్నరకు ఉప్పలపాడు చేరితే, మేతకెళ్ళిన గూడబాతులు, కొంగలు చెరువులోని చెట్ల మీదికి తిరిగొచ్చే వేళ దొరుకుతుంది.

ఈ వరసకు 12 గంటల ప్యాకేజీ చాలదు, బుక్ చేసేటప్పుడే 14 గంటలకు మాట్లాడుకోండి. తిరిగేది రానూపోనూ 135 కిలోమీటర్ల లోపే. కొందరు దీన్ని ఔట్‌స్టేషన్ (ఊరు దాటే ప్రయాణం) కింద కట్టి కనీసం 300 కిలోమీటర్లకు బిల్లు వేస్తారు. తిరగని దూరానికి డబ్బెందుకు? లోకల్ ప్యాకేజీకి అదనపు గంటలు, కిలోమీటర్లు కలిపి లెక్క అడగండి. మీటరు మీ ఇంటి దగ్గర మొదలవుతుందా, వాళ్ళ షెడ్డు దగ్గరా, డ్రైవరు బత్తా కలిసిందా అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. చివర్లో గొడవ వచ్చేది వీటి దగ్గరే.

బీచిలో కారును ఇసుకలోకి దింపనివ్వద్దు, చక్రాలు కూరుకుపోతాయి. నీళ్ళలో దిగేముందు పది నిమిషాలు అలలు చూడండి. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీరు నిమ్మళంగా, ముదురు రంగులో ఉంటే అక్కడ దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీరంతా లోపలికి లాక్కుపోయే దారి అది. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్ళు మోకాళ్ళ లోతు దాటకూడదు. కార్తీక పౌర్ణమికి జనం విపరీతం, పైగా పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆ రోజులు వదిలేయండి.

చేపల వేపుడు చెప్పేముందు పచ్చి చేప తూకం వేయించి ధర ఖాయం చేసుకోండి. ఉప్పునీరు కడుక్కోవడానికి మనిషికో 5 లీటర్ల క్యాను మంచినీళ్ళు డిక్కీలో ఉంచుకుంటే మంచిది.

కోతల కాలంలో ధాన్యం రోడ్డు అంచుల్లోనే ఆరబోస్తారు, కుప్పల చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో అవి కనబడవు. అందుకే తెల్లవారుజామున వెళ్ళేటప్పుడు నెమ్మదిగా నడపాలని, తిరుగుదారిలో పొన్నూరు రోడ్డును వెలుతురుండగానే దాటేలా మూడింటికల్లా బీచి నుంచి బయల్దేరాలని డ్రైవరుకు ముందే చెప్పండి.